నీళ్లకు గుండు

గోడ మీద ఎర్ర రంగుతోని
పన్నెండు ఫీట్లని రాసి పోయిండ్రు.
పన్నెండు ఫీట్లంటే
అద్దాలు, రెండు కుర్చీలు, బల్ల,
మూలకున్న చాపల తొట్టి, అన్నీ రోడ్డే.
వెనక మిగిలేది నల్లా ఒక్కటి.

ప్రకాశం బజారుల పందొమ్మిదేండ్ల సెలూను.
రామగిరి దిక్కు కొత్త మడిగె దొరికింది.
అద్దాలు ఎట్లనన్న వస్తయి,
కుర్చీలంటే నాలుగు బోల్టులు.
నా బుగులంత ఆ తొట్టిదే.
ఒకసారి చంపిన గనుక.

ఆరేండ్ల కింద, మంగళవారం, దుకాణం బంద్.
కత్తెర, దువ్వెన దినామూ డెటాలుల ముంచే చెయ్యి
ఊకుంటదా?
రాళ్లను ఉడుకు నీళ్లల్ల కడిగిన.
ఫిల్టరుల నల్లగ, జిగటగున్న స్పాంజిని
నల్లా కింద పెట్టి పిండి పిండి
తెల్లగయ్యేదాక వదల్లే.
తొట్టి పటికబిళ్ల లెక్క మెరిసింది.

శుక్రవారానికి
నీళ్లు బియ్యం కడిగినట్టయినయ్.
చాపలు పైకొచ్చి నోర్లు తెరిచినయ్.
గడ్డానికి కూసున్న భిక్షం
అద్దంలనే చూసి,
"ఆగు, నీ ఎనక ఎవరో పిలుస్తుండ్రు" అన్నడు.

ఏడింట్ల నాలుగు పోయినయ్.

చాపలమ్మే గౌస్ వచ్చి
వాసన చూసి నవ్విండు. మళ్ల ఊకున్నడు.
"నీళ్లకు గుండు గీసినవ్ అన్నా.
చాప విడిచిన విషాన్ని తినెటోళ్లు
ఆ మురికిలనే కాపురముంటరు.
కండ్లకు కనపడరు, కిరాయి అడగరు.
వాళ్లను తీస్కపోయి మోరీల పోసినవ్."

గందుకే ఈసారి
ముందుగాల కొత్త తొట్టి నింపిన, కృష్ణ నీళ్లతోని.
బోరు నీళ్లు పోయలే,
ఆ నీళ్ల సంగతి నా పండ్లే చెప్తయ్.
రెండు రోజులు మూత లేకుండ ఉంచిన,
మందు వాసన ఎగిరిపోవాలె.

పాత నీళ్లు రంగు డబ్బాలల్ల.
చాపలు మూత బకెట్ల, మూతకు మేకుతోని బొక్కలు.
రాళ్లు ఎట్లున్నయి అట్లనే.
స్పాంజి మాత్రం పాత నీళ్లల్ల మునిగి
ఎండ తగలకుండ నా ఒళ్లె.
సైదులు ఆటో. గతుకు గతుకుకు
నా లుంగీ తడుస్తనే ఉన్నది.
"గింత మురికి ముక్క మీద గంత పాణమేందన్నా?"
"పెరుగు తోడు పట్కపోతున్న" అన్న.
వెనక్కి తిరిగి ఒకసారి చూసి
గేరు మార్చిండు.

కొత్త మడిగెల
ఫిల్టరు పాతదే, స్పాంజి పాతదే.
చాపలను కవరుల పోసి నీళ్ల మీద తేలేసిన,
గంటసేపు, గ్లాసు గ్లాసు కొత్త నీళ్లు కలిపిన.
కరెంటు పోయింది. పోదా మరి?
గౌస్ ఇచ్చిన బ్యాటరీ మోటరు
రాత్రంత గుర్రుగుర్రుమన్నది,
నేను దాని పక్కన్నే చాప పరుసుకున్న.

రెండు రోజులు మేత పెట్టలే.
రెండు రోజులు గల్లపెట్టెల గూడ
ఏం పడలే.

సన్మైకాది కొత్త బల్ల కొందమన్నది అండాలు.
పాతదే తెచ్చిన.
దాని ఆనే చెక్క మీద
పందొమ్మిదేండ్ల తలకాయల నూనె మరక.
ఆమె సబ్బు గుడ్డ తెచ్చింది.
వద్దన్న.
ఎందుకంటే చెప్పరాలే.

మూడో దినం ఎర్ర చాప ఒకటి పోయింది.
వయసు మీద పడ్డదే అన్నడు గౌస్.
నమ్మినట్టు తల ఊపిన.
నీళ్లయితే తేటగనే ఉన్నయ్.

ఐదో దినం భిక్షం వచ్చిండు,
ఎట్ల ఎతుక్కున్నడో.
నెత్తి మీద ఇరవై వెంట్రుకలు, కటింగుకు కాదు,
పేపరుకు.
బల్ల మీద తన జాగల కూసోని
మరకకు తల ఆనిచ్చి
"ఈడ నల్లా వస్తదా?" అన్నడు.
"దినం తప్పి దినం."
పేజీ తిప్పిండు.

నేను తొట్టిల చెయ్యి పెట్టి
స్పాంజిని ఒక్క వేలుతోని ముట్టి చూసిన.
జిగట.
ఉన్నరు.